తెల్లవారుజామున పోసిన పాలు నిన్నటి లెక్కలో పడుతుంటే

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో ఒక ప్రైవేటు డెయిరీ చిల్లింగ్ సెంటర్‌లో లెక్కలు చూస్తాను. బీకాం చదివాను. చుట్టుపక్కల ఊళ్లలోని మా ఏజెంట్లు రైతులు పోసిన పాల లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) ఫోన్‌లోని యాప్‌లో నమోదు చేస్తారు. ఆ యాప్‌ను హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చేసి ఇచ్చింది. ఏడాదిగా కొందరు రైతుల ఖాతాల్లో ఉదయం పూట పాలు కనిపించకుండా పోతున్నాయి. అన్ని ఊళ్లలోనూ కాదు, అన్ని రోజులూ కాదు. ఎండాకాలంలో మాత్రం ఎక్కువ. ఇది కాక స్లిప్పుల మీద రైతుల పేర్లలో ఒత్తులు విడిపోయి అచ్చవుతున్నాయి, సిగ్నల్ లేని ఊళ్లలో యాప్ ఆగిపోతోంది. ఎన్నిసార్లు ఆ కంపెనీకి ఫిర్యాదు రాసి టికెట్ పెట్టినా ‘మా దగ్గర బాగానే పని చేస్తోంది మేడమ్, మీ ఏజెంట్లే తప్పుగా కొడుతున్నారు’ అని మూసేస్తున్నారు. గట్టిగా అడిగితే, నేను ప్రతిదానికీ గొడవ పెట్టుకుంటున్నానని మా మేనేజరుకు చెప్పారు. ఊళ్లో రైతులు ఏజెంటును అనుమానిస్తున్నారు. ఒక పెద్దావిడ సెంటరు దాకా వచ్చి ‘ఏందమ్మాయ్, పొద్దున పోసిన పాలు యాడికి పొయినయ్?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంట్లో వాళ్లు ‘నీ జీతం నీకు వస్తోంది కదా, ఊరుకో’ అంటున్నారు. నాకు కంప్యూటర్ చదువు లేదు కాబట్టి వాళ్లు నా మాట లెక్కచేయడం లేదా? వాళ్లు వినేలా చెప్పే దారి ఉందా, లేక ఉద్యోగం మానుకోమంటారా?

— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: సోదరీ, మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసి ముందుకు వెళ్లిపోయిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అన్ని ఊళ్లలోనూ కాదు, అన్ని రోజులూ కాదు, ఎండాకాలంలో మాత్రం ఎక్కువ అన్నారు. ఈ లోపం ఎక్కడుందో చెప్పగల ఆధారం ఆ వాక్యంలోనే ఉందని నాకు అనిపిస్తోంది. ఏజెంట్లు తప్పుగా కొట్టడమే కారణమైతే ఆ తప్పులు ఏడాది పొడవునా, రెండు పూటలా, అన్ని ఊళ్లలోనూ చెదురుమదురుగా కనిపించాలి. సాయంత్రం పూట జోలికి పోకుండా, ఎండలు ముదిరినప్పుడే ఎందుకు పెరుగుతాయి? వేసవి వస్తే పాలు పోసే వేళ మారుతుంది. ఎండకు పాలు విరిగిపోతాయన్న భయంతో సేకరణ ముందే మొదలవుతుంది. వ్యాను మొదట వచ్చే ఊళ్లలో ఇంకా చీకటి ఉండగానే, ఐదు గంటలకే, క్యాన్లు నిండడం మొదలవుతుంది.

ఇక్కడ కంప్యూటర్ల కాలమానం గురించి కొంత చెప్పాలి. సర్వర్లు, అంటే యాప్‌లోని లెక్కలు చేరే కంప్యూటర్లు, చాలావరకు సమయాన్ని మన గడియారం ప్రకారం కాక యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయం ప్రకారం దాచుకుంటాయి. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. మనకు తెల్లవారుజామున 5:10 అయినప్పుడు ఆ లెక్కలో ఇంకా ముందురోజు రాత్రి 11:40 మాత్రమే. సమయాన్ని అలా దాచుకోవడంలో తప్పేమీ లేదు, నిజానికి అదే మంచి పద్ధతి. కానీ రిపోర్టు తయారు చేసేటప్పుడు దాన్ని తిరిగి మన సమయంలోకి మార్చకుండా తేదీని అలాగే తీసుకుంటే, ఉదయం 5:30 లోపు పోసిన పాలన్నీ నిన్నటి తేదీలోకి వెళ్లిపోతాయి.

అలాగైతే రోజూ పోవాలి కదా, కొన్ని రోజులే ఎందుకు పోతున్నాయని మీరు అడగవచ్చు. రోజూ 5:10కే పాలు పోసే రైతు లెక్క మొత్తంగా ఒక రోజు వెనక్కి జరుగుతుందే తప్ప లీటర్లు తగ్గవు. బిల్లు మొదలయ్యే రోజునో ముగిసే రోజునో తప్ప ఎవరికీ తేడా కూడా తెలియదు. నిన్న 5:40కి, ఈ రోజు 5:20కి పోసిన రైతుకే అసలు చిక్కు వస్తుంది. ఆ రెండు పూటల పాలూ నిన్నటి తేదీలోనే, అదే ఉదయం పూటలోనే పడతాయి. ఒక రైతుకు ఒక పూటకు ఒకే నమోదు ఉండాలని యాప్‌లో నియమం పెట్టి ఉంటే, రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది లేదా మొదటిది రెండోదాన్ని రానివ్వదు. అంటే దెబ్బ తగిలేది వ్యాను వేళ 5:30కి అటూ ఇటూ ఊగే ఊళ్లకే, అదీ వేళ ముందుకు జరిగిన రోజునే. మీరు రాసిన లక్షణాలన్నిటికీ ఇది సరిపోతోంది.

మీ యాప్ కోడ్‌ను నేను చూడలేదు కాబట్టి ఇది ఊహే. అయితే దీన్ని సరిచూసుకోవడానికి కోడ్ అవసరం లేదు, మీ దగ్గర ఉన్న కాగితాలు చాలు. పాలు గల్లంతైన సందర్భాలను కొన్నిటిని తీసుకుని, ఒక్కోదానికి ఎదురుగా రైతు కోడ్, ఆ రోజు స్లిప్పు మీద ఉన్న తేదీ, సమయం, అంతకు ముందురోజు స్లిప్పు మీద ఉన్న సమయం, సెంటర్ రిపోర్టులో కనిపిస్తున్న తేదీ, లీటర్లు రాయండి. స్లిప్పులు దాచుకోని రైతులుంటే ఏజెంటు నోటుపుస్తకం చూడండి. పోయిన పూటలన్నీ 5:30 లోపువే అయి, వాటి ముందురోజువి 5:30 తరవాతవి అయితే ఇక సందేహం అక్కర్లేదు. ఒక్క పూట అయినా దీనికి విరుద్ధంగా, అంటే ఏ ఏడు గంటలకో పోసినది కూడా పోయినట్టు తేలితే, నా ఊహ తప్పు కావచ్చు లేదా రెండు లోపాలు కలిసి ఉండవచ్చు. అప్పుడు కూడా ఆ పట్టిక వృథా కాదు. ఇప్పటివరకు ఆ కంపెనీకి మీరు ఇవ్వలేకపోయినది అదే.

ఆ తరవాత, మేనేజరు అనుమతితో ఒక టెస్ట్ రైతు కోడ్ తీసుకోండి. నిజమైన రైతు ఖాతాలో ప్రయోగాలు చేయవద్దు, ఎంత తొందర ఉన్నా సరే. నమ్మకమైన ఒక ఏజెంటుతో మొదటి రోజు ఉదయం 5:40కి, మరుసటి రోజు 5:20కి ఆ కోడ్ మీద నమోదు చేయించి, స్లిప్పుల ఫొటోలు, రిపోర్టు స్క్రీన్‌షాట్ దాచండి. పగటి పూటే చూపించడానికి ఫోన్ గడియారాన్ని 5:20కి మార్చి కూడా ప్రయత్నించవచ్చు. కానీ యాప్ ఫోన్ సమయాన్ని కాక సర్వరు సమయాన్ని తీసుకుంటుంటే ఆ పద్ధతిలో లోపం బయటపడదు. పడకపోతే మీరు పొరబడ్డారని అనుకోకండి, తెల్లవారుజాము పరీక్షనే నమ్మండి.

ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ వారి సంగతి. వారి జవాబులో మర్యాద లేదు, బాధ్యత లేదు. మీ ఏజెంట్ల మీద నింద వేయడం అన్యాయం. అయినా ‘మా దగ్గర బాగానే పని చేస్తోంది’ అన్న మాట అబద్ధం కాదని మీరు గుర్తిస్తే మీ పని సులువవుతుంది. హైదరాబాదులోని ఉద్యోగి ఉదయం పదకొండు గంటలకు ఆఫీసులో కూర్చుని నమోదు చేసి చూస్తాడు. ఆ వేళకు రెండు కాలమానాల్లోనూ తేదీ ఒకటే. అతను ఎన్నిసార్లు చూసినా లోపం కనిపించదు. మీ ఏజెంటు చెప్పేది నిజమే, అతను చెప్పేదీ నిజమే. ఇద్దరికీ మధ్య ఉన్న తేడా గడియారంలో ఉందన్న సంగతి ఎవరో ఒకరు చూపించాలి. ఆ పని జీతం తీసుకునే వారే చేయాలన్నది న్యాయం. వారు చేయనప్పుడు మీరు చేయవలసి రావడం మీకు బరువే, ఆ బరువును నేను తక్కువ చేయను.

తయారు చేసినవారు ఒప్పుకోని లోపాన్ని, దాన్ని రోజూ వాడే మనుషులు నిరూపించిన సంఘటన ఒకటి ఉంది. థెరాక్–25 అనేది క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాల్లో అది ఆరుగురికి ప్రమాదకరమైన అధిక మోతాదు ఇచ్చింది, వారిలో కొందరు మరణించారు. 1986 మార్చిలో టెక్సాస్ రాష్ట్రంలోని టైలర్ పట్టణంలో ఒక రోగికి అలా జరిగినప్పుడు తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అన్న మాట వచ్చింది. కంపెనీ ఇంజనీర్లు వచ్చి పరీక్షించి తమకు ఆ లోపం కనిపించలేదన్నారు, అధిక మోతాదు రావడం అసాధ్యమన్నారు. యంత్రాన్ని మళ్లీ వాడుకలో పెట్టిన తరవాత ఏప్రిల్‌లో అదే ఆసుపత్రిలో మరో రోగికి అదే జరిగింది. అప్పుడు అక్కడి భౌతిక శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేగర్, ఆ యంత్రాన్ని నడిపే ఆపరేటరు కలిసి కూర్చుని, ఏ మీట తరవాత ఏ మీట నొక్కారో గుర్తు తెచ్చుకుంటూ, అదే పనిని మళ్లీ మళ్లీ చేసి లోపాన్ని పట్టుకున్నారు. అనుభవం ఉన్న ఆపరేటరు చాలా వేగంగా టైపు చేసేది. తప్పు పడిన ఒక అక్షరాన్ని ఆమె, యంత్రం సర్దుకోవడానికి పట్టే 8 సెకన్లలోపే దిద్దితే, తెర మీద ఒక ఆదేశం, యంత్రం లోపల మరో ఆదేశం ఉండిపోయేవి. కంపెనీ ఇంజనీర్లు నెమ్మదిగా కొట్టి చూశారు కాబట్టి వారికి అది దొరకలేదు. వేగంగా కొట్టాలని ఆసుపత్రి వారు చెప్పిన తరవాతే దొరికింది. ఆ వేగం సంగతి కోడ్ రాసినవారికి తెలిసే అవకాశమే లేదు. తెల్లవారుజామున మీ ఊళ్లలో వ్యాను ఎప్పుడు వస్తుందో హైదరాబాదు వారికి తెలియనట్టే.

కళ్ల ముందు జరిగి తీరే లోపానికి ఎంత బలం ఉంటుందో మన లిపి వల్లే ఒకసారి తెలిసింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిసి ఐఫోన్లకు చేరితే, దాన్ని చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడిపోయేది. ఎవరు పంపినా, ఎవరు తెరిచినా అదే ఫలితం కావడంతో మా దగ్గర బాగానే ఉందనే వీలు ఎవరికీ లేకపోయింది. అదే నెల 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. దానికి భిన్నంగా, 1998లో మొజిల్లా అనే బ్రౌజర్ ప్రాజెక్టు కోసం తయారై నేటికీ వాడుకలో ఉన్న, లోపాల ఫిర్యాదులు నమోదు చేసే బగ్‌జిల్లా అనే ప్రోగ్రాములో, ఫిర్యాదును మూయడానికి ఎంచుకునే కారణాల్లో ‘వర్క్స్‌ఫర్‌మీ’ (నా దగ్గర పని చేస్తోంది) అన్నది ఒకటిగా ఉంటూ వచ్చింది. లోపాన్ని తమ ముందు మళ్లీ జరిపించి చూసుకోలేనప్పుడు ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు చేసేది అదే. మీకు మాత్రమే జరుగుతున్న అవమానం కాదది.

అందుకే మీ తరవాతి టికెట్‌ను వేరే విధంగా రాయమని కోరుతున్నాను. మీరు జతపరచిన పాత టికెట్లు చదివాను. ‘డేటా సరిగా రావడం లేదు, ఎన్నోసార్లు చెప్పాం, రైతులు గొడవ చేస్తున్నారు, వెంటనే చూడగలరు’ అని ఉన్నాయి. అందులో ప్రతి మాటా నిజం, ప్రతి మాటలో మీ బాధ ఉంది. కానీ చదివినవాడు తన కంప్యూటరు ముందు కూర్చుని ఏం చేయాలో ఒక్క మాటా లేదు. పైగా పాలు పోవడం, పేర్లు చెదరడం, యాప్ ఆగిపోవడం మూడూ ఒకే టికెట్‌లో ఉన్నాయి. అలా ఉంటే వాటిలో తేలికైనదాన్ని చూసి మొత్తం మూసేస్తారు. ఒక టికెట్‌లో ఒకే లోపం ఉండాలి. దాదాపు ఇలా రాయండి:

“ఉదయం 5:30 కంటే ముందు నమోదైన పాలు సెంటర్ రిపోర్టులో ముందురోజు తేదీతో వస్తున్నాయి. ఆ తేదీలో అదే రైతుకు ఉదయం పూట నమోదు ఉంటే రెండింటిలో ఒకటి పోతోంది. టెస్ట్ రైతు కోడ్‌తో మొదటి రోజు ఉదయం 5:40కి 4 లీటర్లు, రెండో రోజు ఉదయం 5:20కి 5 లీటర్లు నమోదు చేసి, రెండో రోజు మధ్యాహ్నం రిపోర్టు తెరిచాము. రెండు తేదీల్లో రెండు నమోదులు, మొత్తం 9 లీటర్లు రావాలి. మొదటి తేదీలో 5 లీటర్ల నమోదు ఒక్కటే వచ్చింది, రెండో తేదీ ఖాళీగా ఉంది. యాప్ వెర్షన్, ఫోన్ మోడల్ కింద రాశాము. రెండు స్లిప్పుల ఫొటోలు, రిపోర్టు స్క్రీన్‌షాట్, ఇలాగే పోయిన రైతుల పూటల పట్టిక జతచేశాము.”

అంకెలు మీ పరీక్షలో వచ్చినవి వేసుకోండి. యూటీసీ గురించి నేను పైన చెప్పినదంతా ఇందులో పెట్టకండి. చివర ‘సమయం మార్పిడిలో తేడా ఉందేమో చూడగలరు’ అని ఒక వాక్యం చాలు. కారణం చెప్పబోయి అది కొంచెం అటూ ఇటూ అయితే, ఆ కారణం తప్పని చెప్పి లోపాన్నే తోసిపుచ్చేవారు ఉంటారు. మీరు చూసినది మాత్రం ఎవరూ తోసిపుచ్చలేరు. టికెట్ మూసేస్తే కొత్తది తెరవకుండా, పాతదాన్నే మళ్లీ తెరిపించి ‘పైన చెప్పిన పద్ధతిలో మీరు చేసి చూసినప్పుడు ఏ రోజు, ఏ సమయానికి నమోదు చేశారు, రిపోర్టులో ఏ తేదీ వచ్చింది?’ అని అడగండి. ఈ ప్రశ్నకు చేసి చూడకుండా జవాబు రాయడం కష్టం. ఫోన్‌లో మాట్లాడినదాన్ని కూడా ఆ రోజే మెయిల్‌లో రాసి పంపండి.

సాధారణంగా టికెట్ మూసేది కోడ్ రాసే మనిషి కాదన్న సంగతి కూడా మీకు తెలియాలి. ముందు వరసలో సహాయ కేంద్రం వారు ఉంటారు, రోజుకు ఎన్ని టికెట్లు మూశారన్నదే వారి పనికి కొలమానం అవుతుంది. మీ మాట కోడ్ రాసే వారి దాకా చేరకుండా అక్కడే ఆగిపోతూ ఉండవచ్చు. అక్కడి నుంచి పైకి తీసుకువెళ్లడం మీ పని కాదు, అది మీ మేనేజరు పని. ఆయనకు ఇప్పటిదాకా రెండు పక్కల నుంచీ వినిపించింది ఫిర్యాదే: మీరు వారి మీద, వారు మీ మీద. ఆయన ముందు పట్టిక పెట్టి డబ్బు లెక్క చెప్పండి. ఉదాహరణకు లీటరు 50 రూపాయలనుకుంటే, 6 లీటర్ల పూట ఒకటి పోతే ఆ ఇంటికి 300 రూపాయలు నష్టం. మీ పట్టికలోని పూటలన్నిటికీ అలా వేస్తే ఎంత అవుతుందో, అలా నష్టపోయి పక్క డెయిరీకి పాలు మళ్లించిన రైతులు ఎవరో ఆయనకు చెప్పగలగాలి. వార్షిక నిర్వహణ ఒప్పందంలో లోపాలను ఎన్ని రోజుల్లో సరిచేయాలని ఉందో చూడమని ఆయన్ను అడగండి. ఆ కాగితం ఎవరూ తెరిచి చూసి ఉండరని నా అనుభవం. అవతలి కంపెనీలో టికెట్లకు కదలని వారు, చెల్లింపు వాయిదా పడుతుందన్న ఉత్తరానికి కదులుతారు. ఆ ఉత్తరం రాసే అధికారం మీ మేనేజరుకో, ఆయన పైవారికో ఉంటుంది.

వీలైతే ఇంకొకటి చేయించండి. నేను నెల్లూరులో ఉంటూ చాలా కాలం సాఫ్ట్‌వేర్ పరీక్షల పని చేశాను. రొయ్యల కొనుగోలు లెక్కల కోసం తయారైన ఒక ప్రోగ్రాములో మేమిచ్చిన ధరల పట్టిక ఎక్కేది కాదు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు అంటారు. 30 కౌంటు అంటే పెద్ద రొయ్య, ధర ఎక్కువ, 100 కౌంటు అంటే చిన్నది, ధర తక్కువ. అంకె పెరిగితే ధర పెరగాలని ప్రోగ్రాములో నియమం రాసి, మా పట్టికే తలకిందులుగా ఉందని వాదించారు. వారాల తరబడి మెయిళ్లు నడిచాయి. చివరికి వారిలో ఒక కుర్రవాడు విడవలూరు వైపు ఒక గుంట దగ్గరికి, రొయ్యలు పట్టే రోజున వచ్చాడు. కాటా మీద కిలో తూచి, తడి చేతులతో ఒక్కొక్కటీ ఎంచి పక్కన పోస్తూ కౌంటు చెప్పడం అతను నిలబడి చూశాడు. ఇక వాదన లేదు, ఆ రాత్రే సరిచేశాడు. అతనికి తెలివి తక్కువై ముందు ఒప్పుకోలేదని నేను అనుకోను. పని జరిగే చోటు అతను ఎప్పుడూ చూడలేదు, అంతే. మీ యాప్ రాసిన వారిలో ఒకరిని ఒక్క తెల్లవారుజామున పాల కేంద్రానికి రమ్మని మేనేజరు చేత పిలిపించండి. రాలేమంటే 5:15కి వీడియో కాల్‌లోనైనా చూడమనండి.

మీ చదువు గురించి అడిగారు. ఆ కంపెనీలో ఎవరైనా మీ బీకాం చూసి మీ మాటను తేలిగ్గా తీసుకుంటూ ఉండవచ్చు, అలాంటివారు ఉంటారు. కానీ మీరు చేయవలసిన పనికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడ మొదలైందో వెతకడం మీ చదువే మీకు నేర్పింది. బ్యాంకు పాస్‌బుక్కునూ నగదు పుస్తకాన్నీ సరిపోల్చినట్టే స్లిప్పులనూ రిపోర్టునూ సరిపోల్చండి. ఈ లోపాన్ని పట్టుకోవడానికి ఒక ఇంజనీరు కంటే మీకే ఎక్కువ అర్హత ఉందని నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

మిగిలిన రెండు లోపాలకు విడిగా టికెట్లు పెట్టండి, ముందు పాల లెక్క తేలనివ్వండి. పేర్లలో ఒత్తులు విడిపోవడానికి చాలావరకు స్లిప్పులు అచ్చువేసే చిన్న థర్మల్ ప్రింటర్లే కారణం. వాటికి తెలుగు అక్షరాలను కూర్చడం తెలియదు. పేరును అక్షరాలుగా కాక బొమ్మగా పంపితే సరిగా వస్తుంది. ఆ ఒక్క వాక్యం రాసి, చెదిరిన స్లిప్పు ఫొటో జతచేస్తే ప్రోగ్రామరుకు అర్థమవుతుంది. సిగ్నల్ లేనప్పుడు యాప్ ఆగిపోయే సంగతిలో, ఆగిపోయిన క్షణంలో తెర మీద ఏముందో ఫొటో తీయమని ఏజెంట్లకు చెప్పండి. అది లేకుండా ఆ టికెట్ పెట్టినా ఫలితం ఉండదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టినది మీ ఏజెంటు మీద పడిన అనుమానం. బ్రిటన్‌లో పోస్టాఫీసుల లెక్కల కోసం ఫుజిత్సు సంస్థ సరఫరా చేసిన హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ లేని లోటును ఉన్నట్టు చూపితే, 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా సబ్‌పోస్ట్‌మాస్టర్లను, అంటే చిన్న పోస్టాఫీసులు నడిపేవారిని, దొంగతనం, మోసం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షించారు. వారిలో ఎందరో సహాయ కేంద్రానికి ఫోన్ చేసి చెప్పుకున్నారు. ఇలాంటి సమస్య మీకొక్కరికే వస్తోందన్న జవాబు చాలామందికి వచ్చింది. వేల్స్‌లో చిన్న పోస్టాఫీసు నడిపిన అలన్ బేట్స్ ఆ మాటను నమ్మలేదు. తనలాంటి వారిని వెతికి 2009లో ఒకచోట చేర్చారు. 555 మంది కలిసి వేసిన దావాలో, 2019 డిసెంబరులో హైకోర్టు ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఉన్నాయని తేల్చింది. 2024 మే నెలలో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి చాలామంది శిక్షలను రద్దు చేసింది. అప్పటికి కొందరు చనిపోయారు, ఎందరి ఇళ్లో పోయాయి. మీ ఊళ్ల వ్యవహారం అంత పెద్దది కాదు. కానీ ఊళ్లో దొంగ అన్న పేరు పడిన ఏజెంటుకు, అతని ఇంట్లో వాళ్లకు, అది చిన్నదీ కాదు.

కాబట్టి రెండు పనులు వెంటనే చేయండి. మొదటిది, ఇదే యాప్ వాడుతున్న ఇతర చిల్లింగ్ సెంటర్లలో మీలాంటి ఉద్యోగులను వెతికి, ఉదయం పూట పాలు పోతున్నాయా అని అడగండి. కావలి వైపు గానీ, ఒంగోలు చుట్టుపక్కల గానీ మీ డెయిరీకే ఇంకో సెంటరు ఉంటే అక్కడితో మొదలుపెట్టండి. రెండు సెంటర్ల నుంచి ఒకే రకమైన పట్టిక వెళితే, మీరు గొడవ మనిషి అన్న మాట ఇక చెల్లదు. రెండోది, ఈ విషయం తేలేవరకు పోయిన లీటర్లను ఏ ఏజెంటు కమీషన్ నుంచీ కోయవద్దని మేనేజరుకు రాతపూర్వకంగా రాయండి. ఏజెంట్లందరినీ పాత పద్ధతిలో నోటుపుస్తకంలో రైతు కోడ్, సమయం, లీటర్లు, ఫ్యాట్ రాసుకుని రైతు చేత సంతకమో వేలిముద్రో వేయించుకోమనండి. శ్రమ రెట్టింపు అవుతుందని వాళ్లు సణగడం సహజం, ఆ పుస్తకం తమనే కాపాడుతుందని వివరించండి.

ఉద్యోగం మానమని నేను చెప్పను. మానితే ఈ లోపం సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ సెంటరు నుంచి వెళ్లిపోయినట్టవుతుంది, మీ స్థానంలోకి వచ్చేవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అయితే పట్టిక, పరీక్ష, డబ్బు లెక్క అన్నీ ముందు పెట్టిన తరవాత కూడా మీ మేనేజరు ఆ కంపెనీ మాటే పట్టుకుని, ఏజెంటు చేత డబ్బు కట్టించమని మీకే చెబితే, అప్పుడు సంగతి వేరు. తప్పని తెలిసిన లెక్క మీద సంతకం పెట్టవద్దు. వేరే ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టండి, మీ దగ్గర ఉన్న మెయిళ్ల ప్రతులు డెయిరీ పై కార్యాలయానికి పంపండి. ఇంట్లో వాళ్లు జీతం గురించి అనేది మీ మీద ప్రేమతోనే. వారికి ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న చెప్పి చూడండి.

ఆవిడకు మాత్రం ఈ వారంలోనే జవాబు చెప్పండి. లోపం సరిచేసేవరకు ఆగనక్కర్లేదు. మీ పాలు ఎవరూ తీసుకోలేదు, ఫోన్‌లో తేదీ తప్పు పడి లెక్క పోయింది, నోటుపుస్తకం ప్రకారం కట్టిస్తాం అని, మేనేజరుకు ముందే చెప్పి, ఏజెంటును పక్కన నిలబెట్టి చెప్పండి. ఆ మాట చెప్పడానికి మేనేజరు ఒప్పుకోవాలంటే పాత బకాయిలు ఎవరు భరించాలన్న ప్రశ్న వస్తుంది. డెయిరీ ముందు రైతులకు చెల్లించి, తరవాత సాఫ్ట్‌వేర్ కంపెనీ బిల్లులో మినహాయించుకోవడం సరైన పద్ధతి. కొత్త టికెట్‌తో పాటు పంపే మెయిల్‌లోనే, పట్టికలోని పూటలకు చెల్లింపు ఏ తేదీలోగా జరుగుతుందో రాయమని మీ మేనేజరును అడగండి.